ఓడ మెట్లెక్కే కాలువ

మేడ్చల్ల హైవే పక్కకు, సెల్‌ఫోన్ల దుకాణం మీద మొదటి అంతస్తుల ఒక ట్రావెల్స్ ఆఫీసున్నది. ఎక్కువగ తిరుపతి, షిర్డీ టికెట్లే జేస్తరు. పోయిన దసరా అయినంక మేమిద్దరం ముసలోళ్లం ఆ మెట్లెక్కి పోయి, "ఓడ మీద పనామా కాలువ దాటాలె. వచ్చే ఎండకాలం దాటకముందే పోవాలె. ఏమున్నది నీ దగ్గర?" అని అడిగినం. ఆయన నడీడు మనిషి, నిమ్మలమైనోడు. మమ్మల్ని ఒక్కతాప మంచిగ జూసి, "గోవాల గూడ ఓడ ఉన్నది మేడమ్, మస్తుగుంటది, డాన్సులు గిట్ల ఉంటయి" అన్నడు.

"గోవాల ఓడ మెట్లెక్కుతదా?" అన్నది ఆపా.

ఆయన కంప్యూటర్ దిక్కు తిరిగిండు.

ఆపా అంటే నా తోటి నర్సు. నాకంటే మూడేండ్లు పెద్దది. దేవరయాంజాల్ల బిడ్డ ఇంట్ల ఉంటది. ఇద్దరం ముప్పై ఏండ్లు గీ ఊర్లన్ని తిరిగి సూదులేసినోళ్లమే, పోలియో చుక్కలేసినోళ్లమే. నేను ఆమెను అక్కా అన్నట్టు ఆపా అంటె, ఆమె నన్ను సిస్టర్ అంటది. డ్యూటీల పడ్డ అలవాటు రిటైరైనా పోలే. నేను చర్చికి పోయేదాన్ని, ఆమె నమాజు జేసేది. ముప్పై ఏండ్లల్ల దేవుని మీద మాకు ఒక్క లడాయి గాలే. అన్నంల ఉప్పు మీద మాత్రం రోజు అయితుండె.

గా కాలువ పిచ్చి మాకెట్ల వట్టిందో చెప్పాలె. మా బాపు శామీర్‌పేట చెరువుకు నీరటి. అంటే చెరువు తూము తెరిచి, పొలాలకు నీళ్లొదిలి, మల్ల మూసే పని. మా తాతది గూడ గదే పని. నేను చిన్నప్పుడు కట్ట మీద కూసొని తూముల నీళ్లు గుడుగుడుమని పోతుంటె జూసేదాన్ని. "నీళ్లు కిందికే పోతయి బిడ్డా. వాటిని పైకెక్కిచ్చెటోడు ఇంకా పుట్టలే" అని మా బాపు చెప్తుండె. నాకు గది బైబిల్ మాటంత గట్టిగ మనసుల వడ్డది.

కొన్నేండ్ల కింద రావల్కోల్ల టీకాలు అయిపోయి, ఐసు డబ్బ పక్కకు వెట్టుకొని జీపు కోసం చూస్తున్నం. ఆపా ఫోన్ల ఏందో వీడియో జూస్తుండె. "చూడు సిస్టర్, మీ బాపు అబద్ధం జెప్పిండు" అని ఫోను నా మొఖం ముంగట వెట్టింది. మా ఊరంత పొడుగు ఓడ ఒకటి రెండు గోడల నడుమ ఇరుక్కొని ఉన్నది. వెనక తలుపులు మూసిండ్రు. లోపలికి నీళ్లొచ్చినయి. ఓడ లేచింది. ముందు తలుపు తెరిచిండ్రు, పోయి ఇంకో మెట్టు మీద నిలవడ్డది. మల్ల తలుపులు, మల్ల నీళ్లు. మోటరు లేదు, పంపు లేదు. పైనున్న చెరువుకెళ్లి నీళ్లు కిందికే దిగినయి. కిందికి దిగుకుంటనే ఓడను పైకి లేపినయి. మా బాపు అబద్ధం చెప్పలే గని సగమే చెప్పిండు. జీపొచ్చి హారన్ కొడ్తాంటె గూడ మేము లేవలే. గా దినమే అనుకున్నం, రిటైరైనంక ఇద్దరం పోయి దీన్ని కండ్లతోని జూడాలె అని.

అనుకుంట అనుకుంట ఏండ్లు గడిచినయి. రిటైరైనం. మా ఆయన పోయిండు. ఆపాకు కండ్లల్ల ప్రెషర్ అని తేలింది. కుడికన్ను అయిపోయింది. ఎడమకన్ను పక్కలన్ని మసకవారి, నడిమిట్ల మాత్రం గొట్టంలకెళ్లి చూసినట్టు ఇంత కనవడ్తది. పెద్ద కండ్ల దవాఖానల డాక్టరమ్మ నా ముంగట్నే చెప్పింది. "మందులతోని ఒక యేడు ఆగొచ్చు, ఆ తర్వాతది నేను చెప్పలేను." ముప్పై ఏండ్లు జనాలకు గిసొంటి మాటలు మేమే చెప్పినం గద, దాని అర్థమేందో మాకు ఎవలు చెప్పనక్కర లేదు. బయటికొచ్చి ఛాయ్ తాగుకుంట ఆపా, "ఐతే గీ యేడే పోవాలె సిస్టర్" అన్నది. "గీ యేడే" అన్న నేను. మాటిచ్చిన. గుర్తువెట్టుకోండ్రి, నేనే ఇచ్చిన.

ఇగ ట్రావెల్సాయన కంప్యూటర్ల ఒక్కొక్కటి చూపిచ్చిండు. కొన్ని ఓడలు కాలువలకు సగం దాక పోయి, పైనున్న చెరువుల తిరిగి ఎనకకే వస్తయట. "సగం ఒద్దు" అన్నది ఆపా. కొన్ని ఓడలు ఎండకాలం మొదట్ల ఒక సముద్రం విడిచి ఇంకో సముద్రానికి మకాం మారుస్తయట. గవి గీ చివరకెళ్లి గా చివర దాక పూర్తిగ దాటుతయి. గదే మాకు గావాల్సింది. మధ్యల ఆయన, "సూయజ్ కాలువ గూడ ఉన్నది మేడమ్, మనకు దగ్గర" అన్నడు. "అండ్ల తలుపులున్నయా?" అని అడిగిన. "లేవు మేడమ్, సీదా ఉంటది." "సీదా కాలువ మాకెందుకయ్యా, పొలాల పొంటి మస్తు జూసినం" అన్న. ఆయన నవ్విండు. గా ముచ్చట ఎనక నన్ను ఎంత సతాయిస్తదో నాకు అప్పుడు తెల్వది.

ఓడల ఏ గది దీసుకోవాల్నో గాడ మాకు లడాయైంది. బాల్కనీ గది, కిటికీ గది, ఏదీ లేని లోపటి గది అని మూడు తీర్లున్నయి. నేను బాల్కనీ అన్న. ఆపా లోపటి గదే అన్నది. "నాకు పక్కకు కనవడదు సిస్టర్. బాల్కనీల నిలవడితే కాలువ గోడే కనవడ్తది. గా దినమంత నన్ను ఓడ ముందటి కొనకు తీస్కపోయి నిలవెట్టు. తలుపులు సీదా నా ముంగట తెరుసుకోవాలె. పండుకునే గదికి కిటికీ ఎందుకు?" నాకు కిటికీ లేని గదంటె ఊపిరాడదు. మూడేండ్లసంది నేనున్నది గసొంటి గదిలనే. గని ఆమె చెప్పింది నిజం. లోపటి గదే రాయిచ్చినం. ఆపా రంజాన్, మా ఈస్టర్ రెండు అయిపోయినంక బయలెల్లే ఓడ. ఓడెక్కేది అమెరికాల, గా వీసా ఇంటర్వ్యూకు జనవరిల తారీఖు దొరికింది. గంత తొందరగ దొరుకుడు మీ అదృష్టం అన్నడాయన.

మూడేండ్లసంది గసొంటి గది అన్న గద, గదేందో చెప్త. నేను నా కొడుకు కోడలు దగ్గర బహదూర్‌పల్లిల ఉంట. మంచి కాలనీ. గేటు, సెక్యూరిటీ, పూలచెట్లు. నా కొడుకు బంగారమసొంటోడు, గది ముందే చెప్తున్న, ఎవలన్న వాన్ని తప్పుగ అనుకుంటె నాకు మండుతది. మా ఆయన పోయిన ఆర్నెల్లకు నేను బాత్రూంల జారి పడ్డ. చెయ్యి విరిగింది, అతికింది. గంతే. గని గప్పటిసంది వాడు భయం వట్టుకున్నడు. నా స్కూటీని ఎవలికో ఇచ్చేసిండు. నా ఫోన్ల ఏందో వెట్టిండు, నేనెక్కడున్ననో వానికి కనవడ్తది. నేను గేటు దాటితే సెక్యూరిటీ ఆయన వానికి ఫోన్ జేస్తడు: "సార్, అమ్మ బయటికి పోతున్నది." ఒక్కతాప కొత్తిమీర కోసం పోతె మూడు ఫోన్లొచ్చినయి. చీకట్ల అడవిల స్కూటీ నడిపి కాన్పులు జేసొచ్చినదాన్ని, కొత్తిమీరకు పర్మిషన్ అడగాల్సొచ్చింది. "నువ్వు కూసో అత్తమ్మా" అంటది కోడలు. గిన్నె కడుగుతనంటె కూసో అత్తమ్మా. బట్టలారేస్తనంటె కూసో అత్తమ్మా. కూసొని కూసొని నాకు పిచ్చిలేస్తుండె.

ఓడ ముచ్చట చెప్పేతందుకు నాకు పదిదినాలు వట్టింది. ఒక పొద్దుగాల వాడు టిఫిన్ తింటుంటె చెప్పిన. "కాలువ దాటే ఓడ ఎక్కుతున్న. ఆపా, నేను. ఈస్టరైనంక." వాడు దోసె పక్కకు వెట్టిండు. కోపం జెయ్యలే. కోపం జేస్తె నాకు మస్తు అల్కగుంటుండె, నేనూ నాలుగనేదాన్ని. "సరే అమ్మా, ప్రార్థన జేద్దం" అన్నడు.

మా దగ్గర గదే రివాజు. చిన్న ప్రయాణమైనా పెద్ద ప్రయాణమైనా చర్చి సంగంల చెప్పి ప్రార్థన జేపిచ్చుకోనిదే ఎవలు బయలెల్లరు. కొత్త బండి గొంటె ప్రార్థన, ఆపరేషనుంటె ప్రార్థన, పొల్లగాని ఎంసెట్టుకు ప్రార్థన. నా కొడుకు సంగం పెద్ద. వాడు పోయి పాస్టర్ గారికి, "అమ్మ ఓడెక్కి కాలువ దాటే ప్రయాణం వెట్టుకున్నది, జ్ఞాపకం జేసుకోండ్రి" అని చెప్పిండు. వాని తప్పు గింతే. మా సంగంల ఓడెక్కి సరదాకు పోయిన మనిషి ఇప్పటిదాక ఎవలు లేరు. మావోళ్లు పాస్‌పోర్ట్ తీసుకునేది రెంటికే, ఒకటి దుబాయి, రెండు పరిశుద్ధ భూమి. గా నెలల్నే పాస్టర్ గారు ఐగుప్తు, అంటె ఈజిప్టు, సీనాయి, యొర్దాను యాత్రకు జనాలను పోగుజేస్తుండె. గది గూడ ఈస్టరైనంకనే. కాలువన్న మాట ఇనంగనే ఆయనకు ఎర్రసముద్రం పక్కనున్న సూయజ్ కాలువే యాదికొచ్చింది. ఇంకోటి లోకంల ఉన్నదని ఆయనెందుకు అనుకుంటడు?

ఆదివారం ప్రసంగమయినంక ప్రకటనలల్ల ఆయన మైకుల చెప్పిండు. "మన నర్సమ్మ గారు, ఎంతోమందికి ప్రసవాలు జేసిన తల్లి, మోషే జనాంగాన్ని నడిపిచ్చిన దారిల నడవబోతున్నరు. ఎర్రసముద్రం చూడబోతున్నరు. దేవునికి స్తోత్రం." చర్చంత చప్పట్లు. మగోళ్ల దిక్కు నా కొడుకు కండ్లల్ల నీళ్లు. వాడు గూడ గప్పుడే గట్ల అనుకున్నడో, లేకుంటె అనుకోవాల్నని ఉండెనో, నాకు ఇప్పటికి తెల్వది.

నేను లేవాల్సింది గప్పుడే. సగం లేచిన గూడ. చాప మీద చెయ్యి ఆనిచ్చి మోకాలెత్తిన. పక్కపొంటి కూసున్న ముసలామె, నేను కాన్పు జేసిన పిల్లలకు నానమ్మ, నా చెయ్యి గట్టిగ వట్టుకొని ఏడ్సింది. "నువ్వు పోతె నేను పోయినట్టే బిడ్డా" అన్నది. నేను మల్ల కూసున్న. ఊరి సర్పంచినే తిట్టిన నోరిది, డాక్టర్లతోని కొట్లాడిన నోరు. గా దినం కుక్కిన పేను లెక్క కూసున్న. వచ్చే ఆదివారం చెప్త అనుకున్న.

చర్చి బయటికి రాంగనే మొదలైంది. ఒకామె చిన్న సీస ఇచ్చింది, యొర్దాను నీళ్లకు. ఇంకొకామె ఇంకోటి. ప్రార్థన చీటీలు మడతవెట్టి నా చేతిల వెట్టిండ్రు. గా ముసలామెకు రాతరాదు. "నువ్వే రాయి బిడ్డా, నా కొడుకు తాగుడు మానాలె అని రాయి, సీనాయి కొండ మీద వెట్టి రా" అన్నది. నేను చర్చి మెట్ల మీద కూసొని నా అక్షరాలతోని రాసిన. నేను పోని కొండకు నేనే చీటీ రాసిన. అడకత్తెరల పోకచెక్కంటరు గద, గా పోకచెక్కకు నోరుంటె ఏమంటుండెనో నాకు తెలుసు.

ఆపాకు చెప్పిన. ఆమె మస్తు నవ్వింది. ఆమె ఇంట్ల గూడ గదే కథ. బిడ్డ, అల్లుడు, "పోతె మక్కాకు పో అమ్మీ, ఉమ్రా జెయ్యి, ఓడెందుకు" అన్నరట. "ఉమ్రా జేసిన. ఆడ గూడ అల్లాను కండ్లే అడిగిన. కొద్దిగ ఇచ్చిండు. గవి వాడుకోకుంట పెట్టెల దాసుకోవాల్నా?" అని అడిగిందట. రెండు దినాలు లడాయి అయిందట, మూడోనాడు బిడ్డే పోయి బూట్లు తెచ్చిచ్చిందట. తెల్ల కాన్వాసు బూట్లు, మా డ్యూటీ బూట్ల లెక్క. ఓడ మీద జారకుంట అలవాటు గావాల్నని ఆపా ఇంట్లనే వాటిని ఏసుకొని గోడ వట్టుకుంట తిరుగుతాంది. "నేను లడాయి జేసిన సిస్టర్. నువ్వు గూడ జెయ్. నీకు నోరు లేదా?"

ఉన్నదన్న. వచ్చే ఆదివారమన్న.

వచ్చే ఆదివారం నాకు శాలువా కప్పిండ్రు. గా పై ఆదివారం క్రిస్మస్ పాటల ప్రాక్టీసుల ఎర్రసముద్రం పాటొకటి నా పేరు మీద పాడిండ్రు. ప్రతి వారం చీటీలు పెరిగినయి. బీరువాల సీసలు వరుసగ నిలవడ్డయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటరు. మాకు పూజారి లేడు, గని సంగమంత ఉన్నది. తిట్టెటోళ్లకెళ్లి తప్పిచ్చుకోవచ్చు. గింత ప్రేమగ చూసెటోళ్లకెళ్లి ఎట్ల తప్పిచ్చుకుంటరో నాకు తెల్వది. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకొని నన్ను నేనే తిట్టుకుంటుంటి. కోడలొచ్చి, "బీపీ చూడాల్నా అత్తమ్మా" అని అడుగుతుండె.

జనవరిల వీసా ఇంటర్వ్యూ మూడు దినాలుందనంగ పాస్‌పోర్ట్ కోసం బీరువ తెరిచిన. లేదు. చీరలన్ని తీసిన, బైబిల్ల చూసిన, సీసల వెనక చూసిన. లేదు. కొడుకు ఆఫీసుకెళ్లి రాంగనే అడిగిన.

"యాత్రోళ్లకు ఇచ్చిన గదమ్మా" అన్నడు. "అందరివి ఒక్కతాననే పంపిండ్రు, వీసాలకు."

"ఎవల్ని అడిగి ఇచ్చినవు?"

"అడుగుడేంది, నువ్వు పోతున్నవు గద."

"నేను పోతున్నది గాడికి గాదు. నీకు ఎరికె."

వాడు ఆఫీసు బ్యాగు దించి కుర్చీల వెట్టిండు. "ఎరికె" అన్నడు. "మొదటి దినమే అనుకుంటి గాదేమో అని. గని అమ్మా, గా యాత్రల నలభై మంది మనోళ్లుంటరు. డాక్టరుంటడు. గా ఓడ మీద నీకేమన్నయితే ఎవలున్నరు? ఆపాకు కండ్లే కనవడయి. నువ్వు ఆమెను వట్టుకుంటవా, ఆమె నిన్ను వట్టుకుంటదా? నాయిన పోయినంక నాకు నువ్వొక్కదానివే ఉన్నవు."

నాకు వచ్చిన కోపానికి ఇల్లు కూలాలె. నోరు తెరిచిన గూడ. గని వాని మొఖం జూసిన. గిప్పుడు నలభై దాటినోడు, తలకాయ నెరిసినోడు, చిన్నప్పుడు నేను డ్యూటీకి పోతుంటె కొంగు వట్టుకొని ఏడ్సినట్టే నిలవడ్డడు. "ఆమెకు కండ్లు పోతున్నయిరా" అన్న.

తెల్లారి పాస్టర్ గారి దగ్గరికి పోయిన, నా పాస్‌పోర్ట్ నాకియ్యుండ్రి అని అడుగనీకె. ఆయన కుర్చేసి కూసోవెట్టిండు. పాస్టరమ్మ ఛాయ్ తెచ్చింది. "మీ పేరు చెప్తె ఇంకా ఆరుగురు ముసలోళ్లు ధైర్యం జేసి పేరిచ్చిండ్రమ్మా, నర్సమ్మ ఉన్నదంటె మందులకు భయం లేదని" అన్నడు. అయినా చెప్పిన, పాస్‌పోర్ట్ నాకు మూడు దినాలు గావాలె అని. "అయ్యో, బొంబాయి పోయింది గదమ్మా, మార్చి దాక రాదు" అన్నడు. ఎందుకు గావాల్నో ఆయన అడగలే. నేను చెప్పలే. బయటికొచ్చినప్పుడు నా చేతిల ఇంకో రెండు సీసలున్నయి.

దేవరయాంజాల్‌కు ఆటోల పోయిన. ఆపా వాకిట్ల కుర్చీల కూసున్నది, కాళ్లకు గా తెల్లబూట్లు. నేను కూసోకుంటనే చెప్పిన. చెప్పుకుంట మధ్యల కొడుకును తిట్టిన, పాస్టర్‌ను తిట్టిన, సంగాన్ని తిట్టిన. ఆమె అన్ని ఇన్నది. "గా మొదటి ఆదివారం నువ్వు లేచి నిలవడితే అయిపోతుండె గద సిస్టర్" అన్నది. కోపంతోని అనలే. జరం చూసి కాగితం మీద రాసినట్టు అన్నది.

"అవును" అన్న.

"ఇన్షా అల్లా, వచ్చే యేడు" అన్నది. వచ్చే యేడంటె ఏందో ఇద్దరికి ఎరికె. ఆమె వంగి బూట్ల దారాలు వేళ్లతోని ఎతికి ఇప్పింది. ఒకటి తీసింది, ఇంకోటి తీసింది. రెండు జోడిచ్చి లోపటికి తీస్కపోయింది. నాకు పక్కన నిలవడెతందుకు గూడ సిగ్గనిపిచ్చింది.

వీసా తారీఖు దాటిపోయింది. ఈస్టరైనంక గా యాత్రకే పోయిన. చెడ్డగ లేకుండె, అబద్ధం చెప్పను. అందరికి బీపీలు చూసిన, కాళ్లకు నూనెలు రాసిన. ఐగుప్తుల మూడోనాడు బస్సు ఎడారిల పోతాంది. ఎండ అని అందరు తెరలేసుకున్నరు. గైడు మైకుల ఇంగ్లీషుల చెప్తె పాస్టర్ గారు తెలుగుల చెప్పిండు: "ఇప్పుడు మనం సూయజ్ కాలువ కింద సొరంగంల పోతున్నం. మన నెత్తి మీదకెళ్లి ఓడలు పోతుంటయి. స్తోత్రం చెప్పుండ్రి." స్తోత్రం అన్నరు. పాట ఎత్తుకున్నరు. బస్సుల చీకటైంది, గోడకు పచ్చ లైట్లు ఎనకకు పోతున్నయి. కాలువ, ఓడలు అన్ని నా నెత్తి మీద. నేను సీట్ల బెల్టు వెట్టుకొని, ఒళ్లె సీసల సంచి వెట్టుకొని, కింద. నాకు ఊపిరాడలే. పక్కామె, "ఆత్మావేశం వచ్చిందా అమ్మా" అని అడిగింది. "బస్సు ఆపుమను" అన్న. సొరంగంల ఆపరట.

వెలుగొచ్చినంక లేచి ఎనక సీటుకు పోయి తెర జరిపి చూసిన. ఇసుక. ఇసుక మీద, ఎక్కడో దూరం, ఓడ పైభాగం ఒకటి నీళ్లు లేకుంటనే నడుస్తున్నట్టు నిమ్మలంగ పోతాంది. వేలెడంత గూడ లేదు. ఎవలో ఎండ కొడ్తాందని తెర మల్ల ఏసిండ్రు.

వచ్చినంక మొదటి ఆదివారం సాక్ష్యం చెప్పాలె. పోయొచ్చినోళ్లు మైకు దగ్గర నిలవడి దేవుడు చేసిన మేళ్లు చెప్పుడు మా రివాజు. ఇగ నేను ఈసారి లేచిన. మోకాలు నొచ్చింది, ఆగలే. మైకు వట్టుకొని ఉన్నదున్నట్టు చెప్పిన. "నేను పోవాలనుకున్నది గాడికి గాదు. నేను వేరే కాలువ జూడాలనుకున్న, సరదాకు, నా దోస్తుతోని. ఆమెకు కండ్లు పోతున్నయని మాటిచ్చిన. మీరందరు సంబరపడుతుంటె నేను కాదని చెప్పలే. ఐదు నెలలు చెప్పలే. నా పిరికితనానికి ఆమె చూపున్నప్పుడే గది చూడలేకపోయింది. నాకు సీనాయి కొండ మీద గూడ గదే యాదికొచ్చింది."

ఎనక వరుసల నుంచి ఎవలో "ఆమెన్" అన్నరు. ఇంకొకలు "స్తోత్రం" అన్నరు. చప్పట్లు. ఎంత తగ్గిచ్చుకొని చెప్పిందో చూడుండ్రి అని పాస్టర్ గారు కండ్లు తుడుసుకున్నడు. నేను మైకు వట్టుకొని అట్లనే నిలవడ్డ. ఏం చెప్పినా వీళ్లు స్తోత్రమే అంటరని గప్పుడు సమజైంది. గని మగోళ్ల దిక్కు ఒక్క మనిషి చప్పట్లు కొట్టలే. నా కొడుకు తలకాయ వంచుకొని కూసున్నడు. చర్చి అయినంక వాడే కారు తీసి, "ఎక్కమ్మా" అన్నడు. బహదూర్‌పల్లి దిక్కు తిప్పలే. దేవరయాంజాల్ల ఆపా ఇంటి ముంగట ఆపిండు. దిగినంక, యాత్ర నుంచి రాంగనే తాను తీసి దాసిన నా పాస్‌పోర్ట్ నా చేతిల వెట్టి, తాను కార్లనే కూసున్నడు.

ఆపా మంచం మీద కూసొని ఉన్నది. నా అడుగుల చప్పుడు ఇని మొఖం తిప్పింది, గని నేనున్న దిక్కుకు గాదు, కొంచెం పక్కకు. "కాలువ చూసినవా సిస్టర్?" అని అడిగింది.

"కింద నుంచి పోయిన."

"కింద ఎట్లున్నది?"

"చీకటి. అటుఇటు గోడలు."

"నాకు గట్లనే ఉన్నది ఇప్పుడు" అన్నది, నవ్వింది. నాకు నవ్వు రాలే. పాస్‌పోర్ట్ ఆమె చేతిల వెట్టిన. "గిది నీ పెట్టెల వెట్టి తాళమెయ్యి. నా ఇంట్ల ఉంటె మల్ల ఎవలన్న తీస్కపోతరు. ట్రావెల్సాయనను వీసా తారీఖు మల్ల అడిగిన, ఆగస్టుల ఉన్నదంటున్నడు. మల్ల గా ఓడలు నడిచేది వచ్చే యేడే." ఆమె అట్టను వేళ్లతోని తడిమింది. తెరిచి ఎడమకంటికి ఆనిచ్చుకొని, మెల్లగ అటుఇటు జరిపింది. చానసేపు ఎతికింది.

"మొఖం కనవడ్తలేదు" అన్నది. "ముక్కు కనవడ్తాంది. నీ ముక్కే."

ఇగ పోయినా ఆమెకు ఓడ మొత్తం కనవడదు మరి, ఒక తలుపు, ఒక గొలుసు, ఒక మనిషి టోపీ, గట్ల ముక్కలు ముక్కలుగ కనవడ్తది. అది గూడ కన్ను గన్ని దినాలు ఆగితే. ఆగుతదా అని నేను అడగలే. ఆమె పాస్‌పోర్ట్ మూసి తలకాడి మెత్త కింద వెట్టుకున్నది.

"మంచం కింద చూడు సిస్టర్, బూట్లున్నయా?"

వంగి చూసిన. జోడిచ్చి వెట్టినయి వెట్టినట్టే ఉన్నయి, దుమ్ము వట్టినయి. కొంగుతోని తుడిచిన. ఆమె కాళ్లు ముంగటికి చాపింది. నేను నేల మీద కూసొని ఒక్కొక్కటి ఏసి దారాలు గట్టిన.

"గట్టిగ గట్టు" అన్నది. "ఈసారి నేను ఇప్పను."